ఇంటి కోడిని మొదటిసారి కోయబోతున్నారా? ఎవరికి ఏ పద్ధతి మేలు

పెరట్లో పది కోళ్లుంటే ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. పొదిగిన పిల్లల్లో దాదాపు సగం పుంజులే తేలతాయి. ఆరేడు నెలలు వచ్చేసరికి అవి నెత్తురు కారేలా పొడుచుకుంటాయి, పెట్టల వీపు మీద ఈక మిగల్చవు. ఇంకోపక్క గుడ్లు మానేసిన ముసలి పెట్ట ఒకటి ఉంటుంది. ఈలోగా కనుమ వచ్చేస్తుంది. వెనక మన కందుకూరు, కావలి, సింగరాయకొండ చుట్టుపక్కల పల్లెల్లో ఈ పని తెలిసిన చెయ్యి ఇంటికొకటి ఉండేది, నాయనమ్మదో మేనమామదో. ఇప్పుడు వనరాజ, గిరిరాజ లాంటి పెరటి జాతుల కోడిపిల్లల్ని తెచ్చి ముచ్చటగా పెంచుకుంటున్నవాళ్లలో చాలామంది, పక్కన ఎవరో కోస్తుంటే కూడా దగ్గరికి వెళ్లి చూసి ఉండరు. గింజలు వేసిన చేత్తోనే కోయాలి, అది బాధపడకూడదు. ఈ రెండూ కుదరాలంటే ఏ దారి పట్టాలో తేలక ఆగిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కోడి పడే బాధలో పెద్ద వాటా కత్తి పడకముందే జరిగిపోతుంది. పెరడంతా తరిమి పట్టడం, కాళ్లు కట్టి ఎండలో పడేయడం, బండి హ్యాండిల్‌కు తలకిందులుగా వేలాడదీసి పది కిలోమీటర్లు తీసుకెళ్లడం, ఇవన్నీ ఆ లెక్కలోవే. అందుకే కింద చెప్పే పద్ధతుల్ని కోత ఒక్కదాన్ని బట్టే తూచలేదు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదట చూడాల్సింది భయం. పట్టుకోవడం నుంచి ప్రాణం పోయేదాకా అది ఎంతసేపు బెదిరి ఉంటుంది? కోడికి మనకున్నట్టు ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డుపొర లేదు. కాళ్లు పట్టి వేలాడదీస్తే లోపలి అవయవాల బరువు ఊపిరి మీద పడుతుంది. అలా పట్టుకున్నప్పుడు అది కదలకుండా ఉంటే నెమ్మదించిందని అనుకుంటాం. నిజానికి భయంతో బిగుసుకుపోయి ఉంటుంది.

రెండోది స్పృహ. గుండె పూర్తిగా ఆగడానికి ఏ పద్ధతిలోనైనా కాస్త సమయం పడుతుంది. మనం పట్టించుకోవాల్సింది స్పృహ ఎంత త్వరగా పోతుందన్న సంగతి.

మూడోది నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యం. పని చెడితే ఏమవుతుంది? చెయ్యి తిరిగినవాళ్ల దగ్గర అన్ని పద్ధతులూ బాగానే కనిపిస్తాయి. మొదటిసారి చేసేవాళ్ల చెయ్యి వణుకుతుంది, సగంలో ఆగుతుంది. అలా ఆగినప్పుడు వెంటనే సరిదిద్దుకునే వీలు ఏ పద్ధతిలో ఉందో చూసుకోవాలి.

ఆ తర్వాత కోడి బరువు. కిలోన్నర నాటుపెట్టకు కుదిరింది మూడున్నర కిలోల వనరాజ పుంజుకు కుదరదు. అసీల్ జాతి పందెం పుంజైతే మెడ కండే వేరు. తినేవాళ్లెవరో కూడా ముందే తేల్చుకోవాలి. ఇంటికొచ్చే చుట్టాల్లో, స్నేహితుల్లో ముస్లింలు ఉంటే హలాల్ కాని మాంసం పెట్టకూడదు కదా. చివరిది చోటు. పల్లెలో పెరడుంటే ఇబ్బంది లేదు. నెల్లూరు, ఒంగోలు లాంటి పట్టణాల్లో అపార్ట్‌మెంటు మేడ మీద ఈ పని పెట్టుకోవద్దు. పురపాలక ప్రాంతాల్లో జంతువధ అనుమతి ఉన్న చోటనే జరగాలని 2001 నాటి కేంద్ర నియమాలు చెబుతున్నాయి. మొక్కు పేరుతో గుడి దగ్గర కోయడాన్ని 1950 నాటి జంతు, పక్షి బలుల నిషేధ చట్టం ఒప్పుకోదు.

ముందు రాత్రి పని

పద్ధతి ఏదైనా ఇది మాత్రం మారదు. చీకటి పడి కోళ్లు గూట్లో కుదురుకున్నాక, లైటు వేయకుండా, రెండు రెక్కలూ ఒంటికి ఆనేలా రెండు చేతులతో ఎత్తుకోండి. చీకట్లో కోడికి కళ్లు కనపడవు, పెనుగులాడదు. గంప కింద విడిగా ఉంచండి, నీళ్ల మూకుడు పెట్టండి. మేత మాత్రం వద్దు. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు కడుపు ఖాళీగా ఉంటే పేగులు తీసేటప్పుడు మాంసానికి మురికి అంటదు. అంతకంటే ఎక్కువసేపు మాడ్చడం తప్పు. నీళ్లు తీసేయడం, ముఖ్యంగా మన ఎండల్లో, ఇంకా తప్పు. తెల్లవారుజామున, ఎండెక్కకముందే, మిగతా కోళ్లకు కనపడని చోట పని ముగించాలి.

గరాటులో పెట్టి గొంతు కోయడం

మొదటిసారి సొంత చేతులతోనే చేయాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే. రేకు పని చేసేవాళ్ల దగ్గర పైన పది అంగుళాలు, కింద నాలుగున్నర అంగుళాల వెడల్పుండే గరాటు ఒకటి చేయించి గోడకో చెట్టుకో బిగించండి. కోడిని తల కిందికి వచ్చేలా అందులోకి దించితే రెక్కలు ఒంటికి ఒత్తుకుని ఉంటాయి. కొట్టుకోలేదు, రెక్క విరగదు, మీ చెయ్యి గురి తప్పదు. తలకిందులుగా ఉండటం దానికి మంచిది కాదని పైన నేనే అన్నాను. అందుకే గరాటులో పెట్టాక కత్తి కోసం వెతుక్కునే పరిస్థితి రాకూడదు. అన్నీ చేతికందేలా పెట్టుకుని చివరగా కోడిని తెచ్చుకుంటే అది తలకిందులుగా ఉండేది కొన్ని క్షణాలే. రేకు గరాటు లేకపోతే గోనెసంచి మూల కత్తిరించి, ఆ కంతలోంచి తల బయటికి తీసినా సరిపోతుంది. ఒకరు పట్టుకుంటే ఒకరు కోయొచ్చు.

కత్తి ఆరంగుళాలకు తగ్గకూడదు, కొన వంపు తిరిగి ఉండకూడదు. సాన పట్టించాక గాల్లో పట్టుకున్న కాగితం మీద లాగి చూడండి. చిరగకుండా తెగితే పదును చాలు. ఇంట్లో కూరగాయల కత్తితో, కత్తిపీటతో ఈ పని పెట్టుకోవద్దు.

కోయాల్సిన చోటు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్ల చేతిలో పని చెడేది ఇక్కడే. ఎడమచేత్తో తల పట్టుకుని బొటనవేలితో కింది దవడ ఎముకను తడమండి. దానికి సరిగ్గా కింద, చెవి తమ్మెకు కొంచెం వెనకగా ఈకల్ని పాయ తీస్తే పల్చటి చర్మం కనిపిస్తుంది. కత్తి పెట్టాల్సింది అక్కడే. మెడ మధ్యలో సులువుగా ఉన్నట్టు అనిపిస్తుంది కానీ అక్కడ మెదడుకు నెత్తురు చేరవేసే రెండు పెద్ద ధమనులూ వెన్నుపూసలకు ఆనుకుని కండరాల లోపల ఉంటాయి, కత్తికి అందవు. తల దగ్గరికి వచ్చేసరికి అవి విడిపోయి రెండు పక్కలకూ జరుగుతాయి. దవడ కింద అడ్డంగా, ఎముక తగిలేదాకా ఒక్క లాగులో కోస్తే రెండూ తెగుతాయి. రెండూ తెగితే మామూలుగా అర నిమిషంలోపే స్పృహ పోతుంది. ఒకటే తెగితే నిమిషం దాటొచ్చు. నెత్తురు ధార కట్టి కారాలి. బొట్లు బొట్లుగా పడుతుంటే తెగలేదన్నమాట. కంగారు పడకుండా, ఆలస్యం చేయకుండా అదే కోతలో ఇంకాస్త లోతుగా మళ్లీ లాగండి. అలా సరిదిద్దుకునే వీలుంది కాబట్టే దీన్ని మొదట పెట్టాను.

నెత్తురు చాలావరకు కారాక ఒంట్లో ఒక పెద్ద విదిలింపు వస్తుంది. అది నరాల పని, అప్పటికే స్పృహ ఉండదు. ఈ సంగతి తెలియక చాలామంది అక్కడే బెదిరిపోతారు. ప్రాణం పోయిందని రూఢి చేసుకోవడానికి వేలికొనతో కంటిగుడ్డును మెల్లగా తాకండి. కోడి కంట్లో రెప్పల లోపల మూలనుంచి పక్కకు జారే పల్చటి పొర ఇంకొకటి ఉంటుంది. తాకినప్పుడు అది ఏమాత్రం కదలకూడదు. పొట్ట అడుగున ఊపిరి ఎగదన్నడం ఆగిపోయి ఉండాలి, ముక్కు వదులుగా వేలాడాలి. ఈ మూడూ చూశాక ఇంకో రెండు నిమిషాలు ఆగి, అప్పుడే వేడినీళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

మెడ విరవడం

పుర్రెకూ మొదటి వెన్నుపూసకూ మధ్య కీలును ఒక్కసారిగా లాగి విడదీయడం ఈ పద్ధతి. కాళ్లు ఒక చేత, తల ఇంకో చేత పట్టుకుని, మెడను పూర్తిగా సాగదీస్తూ తలను వెనక్కి వంచాలి. సరిగ్గా జరిగితే పుర్రె కింద రెండు వేళ్లు పట్టేంత ఖాళీ చేతికి తగులుతుంది. కత్తి అక్కర్లేదు, నెత్తురు కనిపించదు, గూటి దగ్గరే అయిపోతుంది. కుక్క కరిచి చావుబతుకుల్లో ఉన్న కోడికి అప్పటికప్పుడు విముక్తి ఇవ్వాలంటే దీనికి సాటి లేదు. కోళ్లు పెంచేవాళ్లు ఎప్పటికైనా నేర్చుకుని తీరాల్సిన పని ఇది.

కానీ మొదటిసారికి దీన్ని ఎంచుకోవద్దు. చేతిలో బలం కంటే ఊపు ముఖ్యం. ఆ ఊపు తెలియనివాళ్లు మెల్లగా లాగుతారు, లేదా గుడ్డ పిండినట్టు మెలితిప్పుతారు. కీలు విడదు, మెడ నలుగుతుంది, కోడికి స్పృహ ఉంటుంది. బరువు ఇంకో అడ్డు. ఐరోపా సమాఖ్య 2009లో తెచ్చిన 1099 నంబరు నియమావళి చేత్తో మెడ విరవడాన్ని మూడు కిలోల లోపు పక్షులకే పరిమితం చేసింది, అదీ ఒక మనిషి రోజుకు డెబ్భైకి మించకూడదని. మన చట్టం కాకపోయినా ఆ మూడు కిలోల గీత మనకూ పనికొస్తుంది. నేర్చుకోవాలంటే అప్పటికే కోసిన కోడి మీద, ఈకలు తీయకముందు, తల ఇంకా ఉండగానే ఆ కీలు ఎక్కడుందో చేత్తో వెతికి అలవాటు చేసుకోండి. తినడానికైతే మెడ విరిచిన వెంటనే గొంతు కోసి నెత్తురు వదలాలి. ఇది హలాల్ కాదు.

ఒక్క వేటుకు తల తీయడం

మొద్దు మీద మెడ పెట్టి గొడ్డలితోనో బరువైన కత్తితోనో ఒక్క దెబ్బ. పెద్ద పుంజులకు, అసీల్ లాంటి గట్టి మెడలకు ఇది నమ్మకమైనదే. తప్పిందా, దీన్ని మించిన ఘోరం లేదు. కోడి మెడ ముడుచుకుంటుంది, దెబ్బ ముక్కు మీదో మెడ మొదట్లోనో పడుతుంది, పట్టుకున్న మనిషి వేళ్లకూ ముప్పే. తల తెగాక కూడా మెదడు కొన్ని క్షణాలు పనిచేస్తూ ఉంటుంది కాబట్టి చూసేవాళ్లు అనుకున్నంత తక్షణం కూడా కాదు. మొద్దుకు రెండు మేకులు కొట్టి వాటి మధ్య తల ఇరికించి, కాళ్లు వెనక్కి లాగి మెడ సాగదీసి ఉంచగలిగితే తప్ప దీని జోలికి వెళ్లొద్దు.

తెలిసినవాళ్లను ఇంటికి పిలవడం

పల్లెల్లో ఉన్నవాళ్లకు నేను ముందుగా చెప్పే దారి ఇది. మా వైపు కొన్ని ఊళ్లలో హిందువుల ఇళ్ల కోళ్లను కూడా ముల్లా గారి చేత కోయించే అలవాటు ఇప్పటికీ ఉంది. కత్తిని జంతువు ఎదుట నూరకూడదని, ఒకటి చూస్తుండగా ఇంకొకటి కోయకూడదని, పదునులేని కత్తి పెట్టకూడదని వాళ్ల ధర్మంలోనే ఉంది. మా ఊళ్లో పెద్దాయన ఒకరు కోడిని చంకలో పెట్టుకుని అరచేత్తో దాని కళ్లు మూసి, కాసిని నీళ్లు తాపి, ఊపిరి నెమ్మదించేదాకా అలాగే నిలబడతారు. ఎవరైనా గబగబలాడితే "తొందరేముంది అబ్బయ్యా, దాన్ని కుదుటపడనీ" అంటారు. నేర్చుకోవాల్సింది కోత కంటే ముందు ఈ నిలబడటం. ఇలాంటివాళ్లను మీ పెరట్లోకి పిలిస్తే కోడికి ప్రయాణం తప్పుతుంది, మీకు పక్కనుండి చూసే వీలు దొరుకుతుంది. రెండో కోడిని మీరు పట్టుకుంటే వాళ్లు కోస్తారు, మూడోదాన్ని వాళ్ల ఎదుటే మీరు కోయొచ్చు. ముల్లా గారు కోసినదైతే ముస్లిం చుట్టాలు, స్నేహితులు తిన్నా ఇబ్బంది ఉండదు కూడా.

అయితే పేరు చూసి కాకుండా పని చూసి పిలవండి. పండగ రోజు పాతిక ఇళ్లు తిరిగే మనిషికి నిదానం ఉండదు. కనుమకు రెండు రోజుల ముందో వెనకో రమ్మనండి.

చికెన్ కొట్టుకు తీసుకెళ్లడం

పట్టణంలో ఉన్నవాళ్లకు, ఇంట్లో ఎవరికీ చెయ్యి రానివాళ్లకు ఇది మిగిలిన దారి. పావుగంటలో ఈకలు తీసి, కాల్చి, ముక్కలు కొట్టి చేతికిస్తారు. చాలా కొట్లలో గొంతు కొంచెం కోసి ప్లాస్టిక్ డ్రమ్ములో పడేస్తారు, అప్పటికే అందులో ఇంకొకటి కొట్టుకుంటూ ఉంటుంది. పని ఒత్తిడిలో ఏ కోత ఎంత లోతుగా పడిందో ఎవరూ చూడరు. రద్దీ లేని వారం మధ్య రోజు ఉదయాన్నే వెళ్లి, "దీన్ని ఒక్కదాన్నే కోయన్నా, డ్రమ్ములో వేయొద్దు, నేను నిలబడతాను" అని అడగండి. కాదనే కొట్టయితే ఇంకో కొట్టు చూసుకోండి.

తీసుకెళ్లేటప్పుడు గాలాడే అట్టపెట్టెలో, అడుగున గడ్డి పరిచి పెట్టండి. అనవసరంగా బాధపెట్టేలా జంతువును మోసుకెళ్లడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం కూడా. ఇంకో జాగ్రత్త ఉంది. కొట్టు దగ్గరికి తీసుకెళ్లిన కోడిని మనసు మారి వెనక్కి తెచ్చి మందలో కలపొద్దు. ఆ పెట్టెను ఇంటికి తేవద్దు, చెప్పులు కడగందే గూటి దగ్గరికి వెళ్లొద్దు. ఊరూరి కోళ్లు కలిసే చోటు నుంచే కొక్కెర తెగులు (రాణీఖేత్ అనే అంటురోగం) మన పెరట్లోకి వస్తుంది.

ఒక చూపులో

| పద్ధతి | ముందు భయం | కొత్తవాళ్ల చేతిలో తప్పితే | ఏ కోడికి | హలాల్ |
|---|---|---|---|---|
| గరాటులో గొంతు కోత | తక్కువ | వెంటనే సరిదిద్దుకోవచ్చు | గరాటులో పట్టే ఏ కోడికైనా | తగినవాళ్లు కోస్తే అవుతుంది |
| మెడ విరవడం | చాలా తక్కువ | మెడ నలిగి, స్పృహతో మిగులుతుంది | మూడు కిలోల లోపు | కాదు |
| ఒక్క వేటు | మధ్యస్థం | ఘోరమైన గాయం, మీ వేళ్లకు ముప్పు | పెద్ద పుంజులు | కాదు |
| ఇంటికి పిలవడం | తక్కువ | పక్కన తెలిసిన చెయ్యి ఉంటుంది | ఏదైనా | ముల్లా గారైతే అవును |
| చికెన్ కొట్టు | ఎక్కువ | మీ చేతిలో లేదు | ఏదైనా | కొట్టును బట్టి |

ఎవరికి ఏది

పల్లెలో ఉండి, ఇకమీదట కూడా కోళ్లు పెంచాలనుకుంటే మొదటి కోడికి మనిషిని పిలవండి, రెండో మూడో దాని నుంచి గరాటు పద్ధతికి మారండి. చుట్టుపక్కల ఎవరూ లేక ఒంటరిగా చేయాల్సి వస్తే నేరుగా గరాటే. కాకపోతే మొదటిదిగా కిలోన్నర పెట్టను ఎంచుకోండి, మూడు కిలోల పుంజుతో మొదలుపెట్టొద్దు. చేతుల్లో పట్టు తగ్గిన పెద్దవాళ్లు మెడ విరవడం, వేటు వేయడం పూర్తిగా మానుకోవాలి. అలాంటివాళ్లకు గరాటు ఉంటే రెండో మనిషి సాయం కూడా అక్కర్లేదు. పట్టణంలో ఉన్నవాళ్లు కొట్టుకు వెళ్లే బదులు పల్లెలో చుట్టాలింటికి ముందు రోజే కోడిని చేర్చి, రాత్రంతా గంప కింద కుదుటపడనిచ్చి కోయించుకోగలిగితే అది ఇంకా నయం.

పిల్లల సంగతి అడుగుతుంటారు. పేరు పెట్టి పెంచుకున్న కోడి అయితే ముందే చెప్పండి, దాచి వండి పెట్టొద్దు. చూస్తానంటే చూడనివ్వండి, లోపలికి వెళ్తానంటే వెళ్లనివ్వండి. మీకే చేయి రావడం లేదనిపిస్తే ఆ రోజుకు ఆపేయండి. గంప ఎత్తి వదిలేస్తే కోడికి పోయేదేం లేదు. సగం మనసుతో వేసిన కోత మాత్రం దానికి నరకం.

జబ్బు కోడి ఈ లెక్కల్లోకి రాదు. మెడ వాలేసి, తెల్లగా పచ్చగా పారుతూ, జుట్టు నల్లబడి ఉన్నదాన్ని కోసి తినొద్దు. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగొట్లలోనూ, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలోనూ బర్డ్ ఫ్లూ బయటపడ్డాక ఈ జాగ్రత్త మన నెల్లూరు జిల్లాకు కొత్త కాదు. ఒకటి రెండు రోజుల్లో వరసగా కోళ్లు చచ్చిపోతుంటే కత్తి పక్కన పెట్టి పశువైద్యశాలకు కబురు చేయండి. యాంటీబయాటిక్ మందు వేసిన కోడి అయితే ఎన్ని రోజులు ఆగాలో డాక్టరు గారినే అడిగి, అన్ని రోజులూ ఆగండి.

కోశాక పని త్వరగా కానివ్వాలి. నీళ్లు పొగలు కక్కాలి కానీ తెర్లకూడదు, దాదాపు అరవై అయిదు డిగ్రీలు. అందులో ముప్పావు నిమిషం ముంచి తీస్తే రెక్క ఈక చేత్తో లాగగానే వస్తుంది. పసుపు రాసి ఎండు తాటాకు మంట మీద కాలిస్తే నూగు పోతుంది. కార్జానికి అంటుకుని ఉండే ఆకుపచ్చ చేదు తిత్తి పగలకుండా తీయండి, పగిలితే తగిలిన ముక్క పారేయాల్సిందే. ఈకలు, పేగులు బోరుకు దూరంగా రెండడుగుల గొయ్యిలో వేసి సున్నం చల్లి పూడ్చండి, కుక్కలు తవ్వవు. నాటుకోడి మాంసాన్ని కోసిన వెంటనే పొయ్యెక్కిస్తే కండ బిగుసుకుపోతుంది. ఉదయం కోసి, ఫ్రిజ్‌లో పెట్టి, రాత్రికి వండండి. ఏడాది దాటిన పుంజయితే మర్నాటిదాకా ఆగి, చిన్న మంట మీద గంటన్నర ఉడకనిస్తే పులుసులో ముక్క మెత్తగా విడిపోతుంది, సంగటిలోకైనా దోసెల్లోకైనా బాగుంటుంది.